ఇంజిన్ నీళ్లలో ఇసుక ఎవరిది?

తల్లాడ నుంచి కొత్తగూడెం వెళ్లే రోడ్డు మీద ఉంటుంది జూలూరుపాడు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెంలోకి వచ్చిన మండలం. పత్తి, మిర్చి ఇక్కడి సొంత సరుకు. ఈ ప్రాంతపు లారీలకు మిగతా కిరాయి అంతా బొగ్గు, సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిల్, సుబాబుల్ కర్ర. ఎండాకాలం మధ్యాహ్నం ఓ లారీ క్యాబిన్ లేపి రోడ్డు వారన ఆగిందంటే కారణం ఎవరూ అడగరు. బండి హీటెక్కింది.

అడగాల్సింది ఆ తర్వాతి ప్రశ్న. రేడియేటర్ విప్పితే అడుగున గోధుమరంగు మడ్డి కనిపిస్తుంది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. మేస్త్రి దాన్ని సున్నం అంటాడు. సర్వీసు సెంటరు వాళ్లు కూలెంట్ పోయకుండా బోరునీళ్లు పోశారంటారు. కొత్త బండి కొన్న యజమాని మాత్రం అది కంపెనీ నుంచే వచ్చిన ఇసుక అంటాడు. ఒకే మడ్డికి మూడు పేర్లు. ఏ పేరు నిలబడితే దాన్ని బట్టి ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో తేలుతుంది కనుక ఈ చర్చ ఇరవై ఏళ్లుగా చిక్కుపడుతూనే ఉంది. కొన్ని ముళ్లు సాంకేతికమైనవి, కొన్ని డబ్బువి. వాటిని వేరు చేసి చూడడమే ఈ వ్యాసం పని.

ఇసుక లోపలికి ఎలా వెళ్తుంది

లారీ ఇంజిన్ బ్లాకు పోత ఇనుముతో చేస్తారు. సిలిండర్ల చుట్టూ నీళ్లు తిరిగేందుకు బోలుగా ఉండే దారులను ఏ డ్రిల్లుతోనూ తొలవలేరు. అందుకే ఆ బోలు ఆకారంలోనే ఇసుక ముద్ద ఒకటి ముందుగా తయారుచేసి, దాన్ని అచ్చు లోపల నిలబెట్టి, చుట్టూ దాదాపు 1,400 డిగ్రీల వేడిలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ ముద్దనే ఫౌండ్రీల్లో కోర్ అంటారు. ఆదిలాబాద్ ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు పోసే పద్ధతిలోనూ లోపల మట్టి ముద్ద ఉంటుంది. బొమ్మలో ఆ మట్టి మిగిలిపోయినా నష్టం లేదు. ఇంజిన్‌లో అలా కుదరదు, అక్కడ రోజంతా నీళ్లు పరుగెత్తాలి.

కోర్‌కు వాడేది మామూలు సిలికా ఇసుకే. నెల్లూరు సీమలో గూడూరు, చిల్లకూరు, కోట ప్రాంతాల తెల్ల ఇసుక గాజు పరిశ్రమకూ ఫౌండ్రీలకూ పేరుపడింది. దాన్ని రెసిన్‌తో గట్టిపరుస్తారు. ఇనుము వేడికి రెసిన్ కాలిపోయి ముద్ద విడిపోవాలి, ఇసుక రాలిపోవాలి. లెక్క ప్రకారం అంతే. కానీ సన్నటి మలుపుల్లో రెసిన్ పూర్తిగా కాలదు. ఇంకొన్ని చోట్ల వేడి మరీ ఎక్కువై ఇసుక రేణువులు ఇనుప గోడకే అతుక్కుపోతాయి. రెసిన్ బదులు సోడియం సిలికేట్ కలిపి కార్బన్ డయాక్సైడ్ పట్టించే పాత పద్ధతి మన చిన్న ఫౌండ్రీల్లో ఇంకా ఉంది. అది చవక, పొగ తక్కువ. కానీ పోత తర్వాత ఆ ముద్ద ఇటుకలా బిగుసుకుంటుంది, రాలదు.

మిగిలినదాన్ని వదిలించడానికి బ్లాకును కుదిపి, ఉక్కు గుండ్లతో కొట్టి, ఒత్తిడి నీళ్లతో కడుగుతారు. బ్లాకు పక్కన గుండ్రటి రేకు మూతలతో మూసిన కోర్ ప్లగ్ రంధ్రాలు ఉంటాయి. చలిదేశాల్లో నీళ్లు గడ్డకట్టి ఇంజిన్ పగలకుండా కాపాడేందుకు పెట్టారని చాలామంది చెప్పే మాట. అసలు పని అది కాదు. పోతలో కోర్‌ను నిలబెట్టడానికీ, తర్వాత ఇసుక బయటికి తీయడానికీ అవి ఉన్నాయి. అంటే ఇసుక మిగులుతుందన్న సంగతి ఇంజిన్ రూపకల్పనలోనే ఒప్పుకున్న విషయం. ఎంత మిగిలితే తప్పు అనేదే తగాదా.

అమెరికాలో రగిలిన గొడవ

ఈ తగాదా గట్టిగా బయటపడింది ఫోర్డ్ పికప్ ట్రక్కుల 6.0 లీటర్ పవర్ స్ట్రోక్ డీజిల్ ఇంజిన్‌తో. నావిస్టార్ తయారుచేసిన ఆ వీ-8 ఇంజిన్ 2003 మోడల్ నుంచి 2007 దాకా సూపర్ డ్యూటీ ట్రక్కుల్లో వచ్చింది. ఉద్గార నియమాల కోసం అందులో ఈజీఆర్ కూలర్ పెట్టారు. పొగగొట్టం నుంచి వెనక్కి తిప్పిన వేడి వాయువును ఇంజిన్ నీళ్లతో చల్లార్చే పరికరమది. చిక్కంతా దారిలో ఉంది. నీళ్లు ముందు ఇరుకు సందులున్న ఆయిల్ కూలర్ గుండా వెళ్లి, ఆ తర్వాతే ఈజీఆర్ కూలర్‌కు చేరతాయి. ఆయిల్ కూలర్ పూడుకుంటే వెనకున్న ఈజీఆర్ కూలర్‌కు నీళ్లు అందవు. అది మరిగి, పగిలి, నీళ్లు సిలిండర్లలోకి పోతాయి. తర్వాత హెడ్ గాస్కెట్ వంతు.

పూడిక పెరిగిందా అని చూడడానికి ఫోర్డ్ ఒక కొలత పెట్టింది. ఇంజిన్ బాగా వేడెక్కి హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు ఆయిల్ వేడికీ నీళ్ల వేడికీ తేడా 15 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 8 సెల్సియస్ డిగ్రీలు దాటకూడదు. ఇంజిన్ విప్పకుండానే లోపలి పూడికను లెక్కించే ఈ ఉపాయం ఆ గొడవలోంచి మిగిలిన పనికొచ్చే సంగతి.

కూలర్లు కోసి చూస్తే లోపల గరుకు మడ్డి. పోత ఇసుకేనని చాలామంది యజమానులూ మెకానిక్కులూ తేల్చేశారు. కూలెంట్‌కు ఫిల్టర్ బిగించుకుని, కొన్ని వేల మైళ్ల తర్వాత దాన్ని కోసి చూపించడం ఓ ఆనవాయితీ అయింది. ఈలోగా 2007 జనవరిలో ఫోర్డ్ కంపెనీ వారంటీ ఖర్చుల విషయమై నావిస్టార్ మీద దావా వేసింది. 2009 జనవరిలో ఇద్దరూ రాజీపడ్డారు. యజమానులు ఫోర్డ్ మీద వేసిన వ్యాజ్యాలను ఇల్లినాయ్ ఫెడరల్ కోర్టులో ఒకచోటికి చేర్చారు. అక్కడా 2013లో రాజీకే ఆమోదం దొరికింది. ఈజీఆర్ కూలర్, ఆయిల్ కూలర్, ఇంజెక్టర్లు, టర్బో మరమ్మతుల ఖర్చులో కొంత తిరిగి ఇచ్చే ఏర్పాటు అది. రెండుసార్లూ రాజీయే కావడంతో ఆ మడ్డి ఇసుకా కాదా అన్న ప్రశ్నకు తీర్పు రాలేదు. చర్చ నేటికీ తెగకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

నాలుగు వాదాలు

మొదటిది పోత ఇసుక వాదం. దాని బలం కాలంలో ఉంది. కొత్త ఇంజిన్‌కు ఫిల్టర్ పెడితే మొదట ఎక్కువ గరుకు పట్టి, ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. బయటి నుంచి వచ్చే మురికైతే తగ్గకూడదు, నీళ్లు కలిపిన ప్రతిసారీ పెరగాలి. సిలికా గట్టిదనం మోస్ కొలతలో 7, మామూలు ఉక్కు కంటే ఎక్కువ. వాటర్ బాడీ (నీళ్ల పంపు) సీలు దగ్గర అది ఆకురాయిలా పనిచేస్తుంది.

రెండోది జిగురు వాదం. కూలెంట్ కంపెనీల రసాయన నిపుణులు ఎక్కువగా ఇటువైపు. చాలా కూలెంట్లలో తుప్పు పట్టకుండా సిలికేట్ కలుపుతారు. ఘాటు ఎక్కువైతేనో, ఒకచోట అతిగా కాగితేనో అది విడిపోయి జిగురులా గట్టిపడుతుంది. 1980లలో అమెరికా హెవీ ట్రక్కుల్లో పచ్చటి జిగురు పేరుతో ఇదే బాధ నడిచింది. 6.0 ఇంజిన్‌లో ఫోర్డ్ పోసిన బంగారు రంగు కూలెంట్ సిలికేట్ ఉన్న రకమే. ఆ జిగురు ఎండితే తెల్లటి గరుకు పొడి అవుతుంది. కంటికి ఇసుకే.

మూడోది అంటు మందు వాదం. దీని గురించి మన దగ్గర దాదాపు ఎవరూ మాట్లాడరు. పాత ఇత్తడి రేడియేటర్ల స్థానంలో వచ్చిన అల్యూమినియం రేడియేటర్లను కొలిమిలో అతికేటప్పుడు ఫ్లోరైడ్ ఫ్లక్స్ వాడతారు. లోపల మిగిలిన ఫ్లక్స్ కూలెంట్‌లో కరిగి, అందులోని తుప్పు నిరోధకాలను తినేసి, అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దను తయారుచేస్తుంది. ఇదీ తయారీ వ్యర్థమే, కాకపోతే ఫౌండ్రీది కాదు, రేడియేటర్ ఫ్యాక్టరీది. ఇసుక మీద కోపమంతా బ్లాకు పోసినవాడి మీదే పోవడం కొంత అన్యాయం.

నాలుగోది వాడకం వాదం. తుప్పు, సున్నం, లైనర్ వెనక బుడగలు పగిలి రాలిన ఇనుము, గాస్కెట్ గమ్ము: ఇవన్నీ బండి తిరుగుతుండగా పుట్టినవే. తయారీదారులకు ఇది అనుకూలం కాబట్టి అనుమానంగా చూడాలన్నది నిజమే. అంతమాత్రాన అది అబద్ధం కాదు.

మొదటి వాదానికి ఒక లెక్క అడ్డం పడుతుంది. కోర్ ఇసుక గింజ సాధారణంగా 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు. విడి గింజ కూలర్ సందుల్లోంచి చాలావరకు జారిపోగలదు. పూడ్చాలంటే దాన్ని పట్టి ఉంచే బంక కావాలి. రెండో వాదానికి ఎదురయ్యే చిక్కు వేరు. జిగురు ఒక్కటే అయితే రసాయనంతో కడిగితే పోవాలి, కానీ కొన్ని కూలర్లు ఎంత కడిగినా తెరుచుకోవు. రెండింటినీ కలిపి చూసినవాళ్ల మాటే ఎక్కువ పొసగుతుంది: ఇసుక కంకర అయితే జిగురూ తుప్పూ సిమెంటు. ఒకటి లేకుండా రెండోది ఇంత త్వరగా గోడ కట్టలేదు. ఇసుకా జిగురా అని తేల్చమనే ప్రశ్నే చర్చను పక్కదారి పట్టించింది.

మన రోడ్డు మీది నీళ్లు

అమెరికా చర్చను తెచ్చి జూలూరుపాడు లారీకి అతికిస్తే సగమే అతుకుతుంది. అక్కడ కూలెంట్ ఏ రకమన్నది తగువు. ఇక్కడ కూలెంట్ ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ట్యూబు పగిలితే దగ్గర్లో దొరికిన నీళ్లు పోయడం డ్రైవర్ తప్పు కూడా కాదు, సరుకు ఆగకూడదు.

ఆ నీళ్ల సంగతి అంకెల్లో చూడాలి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉంటే మంచిది, వేరే నీళ్లు లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. క్లోరైడ్ 250 దాకా పర్వాలేదు. కేటర్‌పిల్లర్ వంటి పెద్ద ఇంజిన్ కంపెనీలు కూలెంట్‌లో కలిపే నీళ్లకు పెట్టిన హద్దులు కాఠిన్యం 170, క్లోరైడ్ 40. అంటే మనిషి నిశ్చింతగా తాగే నీళ్లు ఇంజిన్‌కు పనికిరాకపోవచ్చు. గట్టి నీళ్లు మరిగినచోట సున్నం పడుతుంది. సున్నపు పొర వేడిని ఇనుము కంటే ఎన్నో రెట్లు తక్కువగా పోనిస్తుంది కాబట్టి పలచటి పొర చాలు, ఆ సిలిండర్ గోడ కాగిపోవడానికి.

దీనికి తోడు థర్మోస్టాట్ వాల్వ్ తీసి పారేసే అలవాటు ఉంది. హీటెక్కదని తీస్తారు. కొన్ని ఇంజిన్లలో వాల్వ్ లేకపోతే బైపాస్ దారి మూసుకోదు, కొంత నీరు రేడియేటర్‌కు పోకుండానే తిరిగి వచ్చేస్తుంది. బరువు బండి ఎక్కుడు ఎక్కేటప్పుడు ఇంకా హీటెక్కుతుంది. అప్పుడు తప్పు మళ్లీ ఇసుక మీదో సున్నం మీదో పడుతుంది.

పాత తరం లారీలు ఈ కష్టాలన్నీ ఓర్చుకున్నాయి. లారీల కంపెనీ టెల్కో 1954లో డైమ్లర్-బెంజ్‌తో మొదలుపెట్టిన సంప్రదాయంలోని ఇంజిన్లకు నీటి దారులు విశాలం, ఈజీఆర్ కూలర్ లేదు. 2017 ఏప్రిల్‌లో బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ఉద్గార నియమాలు దేశమంతా అమలయ్యాక చాలా ఇంజిన్లలో ఈజీఆర్ కూలర్లు వచ్చాయి, సందులు ఇరుకయ్యాయి. పాత బండి జీర్ణం చేసుకున్న మురికి కొత్త బండికి అజీర్తి. అమెరికాలో 2003లో పుట్టిన తగాదా మన దగ్గర ఇప్పుడు పెరగడానికి ఇదే కారణం. ఇసుక పెరగలేదు, దాన్ని ఓర్చుకునే చోటు తగ్గింది.

మడ్డిని చదవడం

ఇంత వాదన నడిచినా చాలాచోట్ల మడ్డిని పరీక్షించకుండానే పారబోస్తారు. చవకైన పరీక్షలు ఉన్నాయి. మడ్డిని ఆరబెట్టి అయస్కాంతం దగ్గర పెడితే ఇనుప తుప్పులో నల్లటి భాగం అంటుకుంటుంది. రేడియేటర్ కడిగే ఆమ్లం చుక్క వేస్తే సున్నం బుసబుస పొంగుతుంది. ఇసుక పొంగదు, కరగదు. రెండు గాజు పలకల మధ్య రుద్దితే ఇసుక గాజును గీరుతుంది. జిగురు తడిగా ఉన్నప్పుడు మెత్తగా సాగుతుంది, ఆరితేనే గరుకు. అందుకే తడిలోనే చూడాలి.

ఇవి మేస్త్రి స్థాయి పరీక్షలు. వారంటీ తగువుకు చాలవు, ఎందుకంటే ఇసుకలోనూ సిలికేట్ జిగురులోనూ ప్రధానంగా ఉన్నది సిలికాన్, ఆక్సిజనే. మూలకాల పరీక్ష రెండింటికీ దాదాపు ఒకే జవాబు ఇస్తుంది. ఎక్స్-రే వివర్తన పరీక్ష మాత్రం వేరు చేస్తుంది. ఇసుక స్ఫటికం, క్వార్ట్జ్ గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. జిగురుకు స్ఫటిక రూపం ఉండదు. క్వార్ట్జ్ దొరికినంత మాత్రాన కథ ముగియదు, వాగు నీళ్లు పోస్తే వాగు ఇసుకా క్వార్ట్జే. సూక్ష్మదర్శినిలో గింజ మీద కాలిన రెసిన్ పొర, అతుక్కున్న ఇనుప తునక కనిపిస్తే అది ఫౌండ్రీ నుంచే వచ్చిందని చెప్పడానికి బలం ఉంటుంది. కొన్ని ఫౌండ్రీలు కోర్‌లో క్రోమైట్, జిర్కాన్ ఇసుకలు కలుపుతాయి. ఆ గింజలు దొరికితే మామూలు వాగు ఇసుక అనే వాదన చాలా బలహీనపడుతుంది.

ఫిల్టరా, కడగడమా

మందు విషయంలోనూ రెండు శిబిరాలు. హెవీ డ్యూటీ ఇంజిన్లలో కూలెంట్ ఫిల్టర్ కొత్త విషయం కాదు, అనేక మోడళ్లలో కంపెనీయే ఇచ్చింది. అది పక్కదారిలో ఉంటుంది, మొత్తం నీళ్లలో కొద్ది భాగమే దాని గుండా పోతుంది. సమర్థించేవాళ్లు తిరిగి తిరిగి అంతా వడపోతకు వస్తుందంటారు. వ్యతిరేకించేవాళ్లు అసలు నష్టం మొదటి కొన్ని వేల కిలోమీటర్లలోనే జరిగిపోతుందనీ, అప్పటికి ఫిల్టర్ బిగించినవాళ్లు అరుదనీ అంటారు. ఇద్దరి మాటా నిజమే. కొత్త బండికి ఫిల్టర్ నివారణ, పాత బండికి అది సాక్ష్యం మాత్రమే.

కడగడం గురించి అంత సందిగ్ధం లేదు, వరుస ముఖ్యం. పాత కూలర్ ఉండగానే కడిగి, తర్వాత కొత్తది వేయాలి. ముందు కొత్త కూలర్ వేసి తర్వాత కడిగితే బ్లాకు మూలల్లో నిద్రపోతున్న ఇసుక లేచి నేరుగా కొత్త సందుల్లోకి పోతుంది. తుప్పుకు పనిచేసే రసాయనం సిలికేట్ జిగురు మీద పనిచేయదు. మడ్డి ఏదో తెలియకుండా కడగడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

తేలని ముళ్లు

భాగాల శుభ్రతను కొలిచే ప్రమాణాలు ఇప్పుడున్నాయి. 1990లలో యాంటీ-లాక్ బ్రేకుల్లో సన్నటి రేణువులు ఇరుక్కుని తిప్పలు పెట్టాక జర్మన్ పరిశ్రమ వీడీఏ 19 తయారుచేసుకుంది. 2007లో ఐఎస్ఓ 16232 వచ్చింది. అయితే అవి మురికిని ఎలా కడిగి తీయాలో, ఎలా లెక్కపెట్టాలో చెబుతాయి. ఎంత ఉండవచ్చో చెప్పవు. ఆ హద్దు కంపెనీకీ, భాగం చేసి ఇచ్చినవాడికీ మధ్య ఒప్పందం. బండి కొన్నవాడు ఆ ఒప్పందం చూడలేడు. తన ఇంజిన్‌లో దొరికిన ఇసుక హద్దులోపలిదో బయటిదో తేల్చుకునే దారి అతనికి లేదు.

తయారీ వ్యర్థాన్ని కంపెనీ తనంతట ఒప్పుకున్న సందర్భం దగ్గరి రంగంలో ఉంది. 2024 మేలో టయోటా అమెరికాలో దాదాపు 1,02,000 టుండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ వాహనాలను వెనక్కి పిలిచింది. 2022, 2023 మోడళ్ల ఇంజిన్లలో మర మీద చెక్కినప్పుడు రాలిన తునకలు పూర్తిగా పోకుండా మిగిలి, మెయిన్ బేరింగులు పాడయ్యే ప్రమాదం ఉందని చెప్పింది. అవి ఆయిల్ వైపు తునకలు. ఆయిల్ వైపు మురికి ఇంజిన్‌ను నడిరోడ్డు మీద ఆపేస్తుంది, కాబట్టి భద్రత చట్టం కిందికి వస్తుంది. నీళ్ల వైపు మురికి నెమ్మదిగా చంపుతుంది, వారంటీ గడువు దాటే దాకా ఆగుతుంది. రెండింటి మధ్య చట్టం చూపుతున్న ఈ తేడా ఎంతవరకు న్యాయమో ఇంకా ఎవరూ గట్టిగా వాదించలేదు.

వారంటీలో రుజువు భారం మరో ముడి. కూలెంట్ రశీదులు లేని యజమాని మాట నిలవదు. మొదటి సర్వీసులో వదిలిన కూలెంట్‌ను సీసాలో పట్టి, తేదీ వేసి దాచే పద్ధతి ఎక్కడా నియమంగా లేదు. ఉంటే ఇరువైపులా సగం తగాదాలు అక్కడే తెగేవి. అప్పటిదాకా బయటి నీళ్లు పోయని బండి అయితే, సీసాలో క్వార్ట్జ్ ఉంటే వేలు ఫౌండ్రీ వైపు చూపుతుంది, లేకపోతే రోడ్డు వైపు. సీసా, మూత, ఒక కాగితం చీటీ: ఖర్చు లెక్కలోకి రాదు.

చివరి ముడి మన ఆటోనగర్లది. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లాంటి చోట్ల బ్లాకు మళ్లీ బోరు చేసి, స్లీవులు దింపి, రెండో జీవితం ఇస్తారు. అక్కడ కాస్టిక్ తొట్టిలో ఉడికించి, గుండ్లతో కొట్టి శుభ్రం చేసిన బ్లాకు నీటి దారుల్లో కొత్త గుండ్లూ, కొత్త రాపిడి పొడీ మిగలవచ్చు. కోర్ ప్లగ్గులన్నీ తీసి లోపల కడిగే షెడ్డు ఉంది, పైపైన కడిగి రంగు వేసే షెడ్డూ ఉంది. ఫ్యాక్టరీ బ్లాకుకు కనీసం కాగితం మీదైనా శుభ్రత ప్రమాణం ఉంది. తిరగకట్టిన ఇంజిన్‌కు అదీ లేదు, అడవి దారిలో బొగ్గు లాగే బండ్లలో అలాంటి ఇంజిన్లు తక్కువేమీ కాదు.